సూదికి ఒక సంతకం

మన కర్మాగారాలలో ఎంత చిన్న విడిభాగం తయారు కావాలన్నా ముందుగా ఒక డ్రాయింగు సిద్ధమవుతుంది. దాని కుడివైపు అడుగున ఒక గడి ఉంటుంది. గీసినవారు ఎవరు, సరిచూసినవారు ఎవరు, ఆమోదించినవారు ఎవరు అన్న వివరాలు తేదీలతో సహా అందులో నమోదవుతాయి. అరచేతిలో ఇమిడే ఇనుప ముక్క వెనుక కూడా ముగ్గురి సంతకాలుంటాయన్నమాట. అదే మన క్వార్టర్లలోకి తొంగిచూస్తే గుమ్మానికి పూసల తోరణం, దిండు గలీబు మీద మల్లెతీగ, ఆడపిల్లల చెవులకు పట్టుదారంతో చుట్టిన జూకాలు కనిపిస్తాయి. వాటిని ఎవరు చేశారని అడిగితే, చేసిన ఇల్లాలే తల వంచుకుని, "ఏదో, ఊసుపోక చేశానండీ" అంటుంది. సంతకం మాట అలా ఉంచి, అది పని అని ఒప్పుకోవడానికే ఆమెకు సంకోచం.

ఈ సంకోచం మన ఇళ్లకు మాత్రమే పరిమితమైనది కాదు. లోకప్రసిద్ధమైన ఒక కళాకుటుంబంలో పుట్టి, జీవితమంతా సూదితో పూలు పూయించి, నడివయసులో చేతితో ఆభరణాలు చేయడం కూడా చేపట్టిన ఒక మహిళ విషయంలోనూ ఇదే జరిగింది. ఆమె పేరు మే మోరిస్. ఆమె పయనాన్ని మన పాఠకులకు, ముఖ్యంగా ఇంటిపట్టున ఉండి చేతిపనులు చేసే సోదరీమణులకు పరిచయం చేయడం ప్రయోజనకరమని మేము భావిస్తున్నాము.

మే మోరిస్ 1862 మార్చి 25న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి విలియం మోరిస్ కవి, సామ్యవాది, అన్నిటికీ మించి వస్త్రాలకూ గోడకాగితాలకూ రూపకల్పన చేసిన మహాశిల్పి. యంత్రాలు గుట్టలుగా తయారు చేస్తున్న నాసిరకపు సరుకును చూసి విసిగి, ఇంట్లో వాడుకునే ప్రతి వస్తువూ ఉపయోగకరంగానూ అందంగానూ ఉండాలని ఆయన ఉద్యమించాడు. తల్లి జేన్, పినతల్లి బెస్సీ ఇద్దరూ కుట్టుపనిలో నిపుణులు. మే తొలి పాఠాలు వారి దగ్గరే నేర్చుకున్నారు. తరువాత లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ చిత్రకళా శిక్షణ పాఠశాలలో చేరి, కుట్టుపనిని శాస్త్రీయంగా అభ్యసించారు.

ఆ ఇంట్లో రంగులంటే దుకాణంలో కొని తెచ్చుకునేవి కావు. 1870లలో విలియం మోరిస్ లీక్ అనే పట్టణానికి వెళ్లి, థామస్ వార్డిల్ అనే అద్దకందారుతో కలసి నీలిమందు, మంజిష్ఠ వంటి పాతకాలపు రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చేందుకు శ్రమించాడు. చేతులు నీలిరంగుతో నిండి ఉండేవని ఆయన గురించి చెప్పుకుంటారు. ఈ వార్డిల్‌కు మన దేశంతోనూ సంబంధం ఉంది. మన అడవులలో మద్ది చెట్ల మీద పెరిగే పురుగుల నుంచి వచ్చే దసలి పట్టుకు సహజంగానే గోధుమవన్నె ఉంటుంది. అందువల్ల దానికి వేరే రంగు పట్టడం కష్టం. ఆ పట్టును తెల్లబరచి, రంగులద్దే పద్ధతులను సాధించినవారిలో వార్డిల్ ముఖ్యుడు. 1885–86లో బెంగాలుకు వచ్చి పట్టు పరిశ్రమను పరిశీలించి వెళ్లాడు కూడా. మన మహాదేవపూర్ ప్రాంతంలో దసలి పట్టు నేతను చూసినవారికి ఈ సంగతి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది.

తీగను చూడడం నేర్చుకోవడం

1883లో, ఇరవై ఒక్క సంవత్సరాల వయసులో, మే ఒక గోడకాగితానికి నమూనా గీశారు. ఇంగ్లండు పల్లెల కంచెల మీద అల్లుకునే హనీసకుల్ అనే పూలతీగ దానికి ఆధారం. తండ్రి సంస్థ అమ్మిన నమూనాలలో అది ఎంతో ఆదరణ పొందింది. 1885లో, ఇరవై మూడేళ్లకే, ఆ సంస్థ కుట్టుపని విభాగానికి ఆమె అధిపతి అయ్యారు. అప్పటి నుంచి ఆ విభాగంలోని నమూనాలు గీయడం, దారాల రంగులు ఎంచడం, పనివారికి నేర్పడం, ధరలు నిర్ణయించడం, ఖాతాదారులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరపడం, ఇవన్నీ ఆమె బాధ్యతలే. 1891 నుంచి లండన్‌లో హామర్‌స్మిత్ టెర్రస్‌లోని ఆమె ఇల్లే కార్యశాల అయింది. పెద్ద పెద్ద తెరలతో పాటు దిండు గలీబులు, టేబుల్ గుడ్డలు, టీ పాత్ర వేడి చల్లారకుండా కప్పే తొడుగులు వంటి చిన్న వస్తువులూ అక్కడ తయారయ్యేవి. ఇంటి వద్ద కుట్టుకోదలచిన వారి కోసం గుడ్డ మీద నమూనా గీసి, ఒక మూల కొంత కుట్టి, మిగిలిన దారంతో సహా అమ్మే పద్ధతి కూడా ఆ సంస్థకు ఉండేది.

ఆ కార్యశాలలో పని నేర్చుకున్నవారిలో లిలీ యేట్స్ ఒకరు. గీతాంజలి ఆంగ్ల ప్రతికి పీఠిక రాసిన కవి యేట్స్‌కు ఆమె సోదరి. 1888 నుంచి 1894 వరకు మే వద్ద పనిచేసి, తరువాత ఐర్లండులో స్త్రీల కుట్టు కార్యశాలను నడిపారు.

1893లో మే మోరిస్ అలంకార కుట్టుపని గురించి ఒక గ్రంథం ప్రచురించారు. ఆమె బోధలలోని ముఖ్యాంశాన్ని మన మాటలలో చెప్పుకోవాలంటే ఇది: సూది కుంచె కాదు. పువ్వును ఛాయాచిత్రంలా గుడ్డ మీదికి దించడం కుట్టుపని లక్ష్యం కాదు. మొక్క పెరిగే తీరును గ్రహించి, దారానికి లొంగే రూపంలో దానిని మళ్లీ చెప్పాలి. ఆకు ఈనె ఎటు పోతే కుట్టు అటు పోవాలి. కాడ ఎక్కడ వంగితే దారం అక్కడ వంగాలి.

ఈ సూత్రం మన పెరటికీ వర్తిస్తుంది. ఒంటిరెక్క నందివర్ధనాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. అయిదు రేకులుంటాయి. అవి నిటారుగా విచ్చుకోవు. ఒకదాని అంచు మరొకదాని కిందికి జారి, తిరుగుతున్న గాలిపంకాలా కనిపిస్తాయి. ఆ పువ్వును గుర్తుపట్టించేది దాని తెల్లదనం కాదు, ఆ మెలిక. క్రోషియాతో దాన్ని అల్లదలచిన వారు మెలికను వదిలేసి అయిదు రేకులూ సమంగా పరిస్తే, అది ఏ పువ్వో ఎవరికీ తెలియదు. జిల్లేడు పువ్వుకు మధ్యనున్న చిన్న కిరీటమే దాని చిరునామా. చింతాకుకు జంటలుగా పేర్చిన చిట్టిరేకుల వరుసే లక్షణం. ప్రకృతిని అనుకరించడమంటే ఉన్నదంతా చేర్చడం కాదు. ఏ ఒక్క లక్షణం లేకపోతే అది అది కాకుండా పోతుందో, దానిని పట్టుకోవడం. మన పూర్వపు స్వర్ణకారులకు ఇది తెలుసు. మామిడి పిందెల హారంలో పిందెకు ఆకులు, కొమ్మలు ఉండవు. కొన దగ్గర ఒక వంపు ఉంటుంది. అదే చాలు.

సూది నుంచి ఆభరణం వరకు

1896లో తండ్రి మరణించాడు. ఆ ఏడాదే మే కుట్టుపని విభాగం నిర్వహణ నుంచి తప్పుకున్నారు. 1890లో జరిగిన ఆమె వివాహం నాలుగేళ్లకే చెదిరి, 1898లో విడాకులతో ముగిసింది. ముప్ఫై ఆరేళ్లు నిండిన వయసులో, ఆధారంగా నిలిచిన సంస్థా లేదు, సంసారమూ లేదు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆమె మాత్రం లండన్‌లోని కళా వృత్తి పాఠశాలలో కుట్టుపని బోధిస్తూ, శతాబ్దం మారే వేళకు ఒక కొత్త విద్యను చేతబట్టారు. అది ఆభరణాల తయారీ.

ఈ దిశగా ఆమెను ప్రేరేపించినవారు బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆర్థర్, జార్జీ గాస్కిన్ దంపతులు. వారు ఆమెకు కుటుంబమిత్రులు. సన్నని వెండి తీగను ఆకులుగా, పూరేకులుగా, మెలికల తీగలుగా మలచి, నడుమ చిన్న చిన్న రంగురాళ్లు పొదగడం గాస్కిన్ దంపతుల పనితనం. మన కరీంనగర్ వెండి తీగ పనిని ఎరిగినవారు ఆ నాజూకును సులభంగా ఊహించుకోగలరు. మే కూడా వజ్రాల జోలికి పోలేదు. వెండి, ముత్యాలు, అంతగా ఖరీదు కాని రాళ్లు, ఇవే ఆమె సామగ్రి. రాయి విలువను తూకంతో కాక రంగుతో ఎంచే పద్ధతి అది.

కుట్టుపని చేసిన చేతికి ఈ మార్పు అంత కష్టం కాలేదని మేము అనుకుంటున్నాము. పచ్చదారం పక్కన ఏ నీలం నిలుస్తుందో ఇరవై ఏళ్లుగా నిర్ణయించిన కంటికి, పచ్చరాయి పక్కన ఏ ముత్యం నిలుస్తుందో తెలియకపోదు. గుడ్డ మీద తీగను నడిపించిన వేళ్లకు వెండి తీగ కొత్తది కావచ్చును గాని, తీగ నడక కొత్తది కాదు. ఒక విద్యలో పండిన చూపు మరొక విద్యకు పెట్టుబడి అవుతుంది. నడివయసులో కొత్త పని మొదలుపెట్టడానికి జంకేవారు గుర్తుంచుకోదగిన విషయమిది. ఆమె చేసిన ఆభరణాలు కొన్ని నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, వేల్స్ జాతీయ మ్యూజియంలోనూ భద్రంగా ఉన్నాయి.

పేరు ఎక్కడ పోయింది?

ఇంత చేసిన వ్యక్తికి ఆనాటి కళావృత్తుల ప్రముఖ సంఘంలో సభ్యత్వం లేదు. 1884లో లండన్‌లో ఏర్పడిన ఆ సంఘం స్త్రీలను చేర్చుకోలేదు. 1960ల దాకా అదే పరిస్థితి. ఆమె అర్జీలు పట్టుకుని తిరగలేదు. 1907లో తోటి మహిళలతో కలసి స్త్రీల కళాసంఘాన్ని స్థాపించారు. 1909–10లో అమెరికా వెళ్లి కుట్టుపని, ఆభరణాలు, దుస్తులు, నమూనాల రూపకల్పన మొదలైన అంశాలపై ఉపన్యాసాలిచ్చారు. తిరిగి వచ్చి, 1910 నుంచి 1915 వరకు తండ్రి రచనలన్నిటినీ 24 సంపుటాలుగా పరిష్కరించి ప్రచురించారు.

తండ్రి పేరు నిలపడానికి 24 సంపుటాలు వెలువడ్డాయి. ఆమె పేరు నిలపడానికి అలాంటి పూనిక ఎవరూ వహించలేదు. 1938 అక్టోబరు 17న ఆమె మరణించాక, విలియం మోరిస్ కుమార్తెగానే లోకం ఆమెను స్మరించింది. ఆమె గీసిన నమూనాలు కొన్ని దీర్ఘకాలం తండ్రి ఖాతాలోనే చెలామణి అయ్యాయి. ఇందులో ఎవరో పనిగట్టుకుని చేసిన మోసం ఉందని మేము అనడం లేదు. సంస్థకు తండ్రి పేరుంది. వస్తువు మీద సంస్థ పేరుంది. గీసిన చేయి ఎవరిదన్న ప్రశ్న అడిగే అలవాటు మాత్రం లేదు. అలవాటు లేకపోవడమే అన్యాయానికి చాలును.

చివరికి ఆమెను వెలికి తెచ్చినవి కాగితాలే. ఉత్తరాలు, చిత్తు గీతలు, 1892 నుంచి 1896 వరకు కుట్టు కార్యశాలలో రాసిన దినచర్య పుస్తకం వంటి వాటి ఆధారంగా పరిశోధకులు ఏ పని ఎవరిదో తేల్చగలిగారు. 2017–18లో లండన్‌లోని విలియం మోరిస్ గ్యాలరీలో ఆమె జీవితం, కళల మీద ప్రత్యేక ప్రదర్శన జరిగింది. అప్పటికి ఆమె మరణించి దాదాపు ఎనభై ఏళ్లు.

మన గోదావరి తీరాన

సంపన్న కుటుంబంలో పుట్టి, చదువుకుని, గ్రంథం రాసిన స్త్రీకే ఇలా జరిగితే పేదింటి స్త్రీల మాటేమిటి? దానికి సమాధానం మన నరసాపురంలో ఉంది. 1844 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. కొక్కెం సూదితో నూలుదారాన్ని పూలుగా అల్లడం తరతరాలుగా గోదావరి పల్లెలలో సాగుతూ వచ్చింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ స్త్రీల స్థితిగతులను పరిశీలించి, 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆమె గమనించిన పద్ధతి ఆలోచింపజేస్తుంది. కొందరు స్త్రీలు విడివిడిగా పూలు మాత్రమే అల్లుతారు. వేరొకరు ఆ పూలను కలిపి అతుకుపని చేస్తారు. దారం ఇచ్చేది, సరుకు తీసుకుపోయేది దళారి. ఆ లేసు విదేశాల బల్లల మీదికి చేరుతుంది. పువ్వు అల్లిన మనిషి, తన పువ్వు ఏ గుడ్డలో కలిసిందో చూసే సందర్భం అరుదు. రోజుకు గంటల తరబడి అల్లినా, అది తీరిక వేళల కాలక్షేపమే అన్న పేరుతో కూలి అత్యల్పంగా ఉండేది. "ఊసుపోక" అన్న మాటకు ఎంత వెల ఉన్నదో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది.

2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు చట్టం రక్షణ దొరికింది. ఇది నిస్సందేహంగా హర్షించదగిన విషయం. అయితే ఊరి పేరు నిలబడినంత మాత్రాన మనిషి పేరు నిలబడదు. ఆ మిగిలిన పని ఎవరికి వారు, ఇంటికి ఇల్లు చేసుకోవలసినదే.

మనం చేయగలిగినది

ఇటీవల పట్టుదారపు గాజులు, క్రోషియా పూల జూకాలు, గుడ్డపేలికలతో చేసిన పూల క్లిప్పులు, ఆకుల ఆకారపు చేతిసంచులు చాలా ఇళ్లలో తయారవుతున్నాయి. మహిళా మండలుల అమ్మకాలలోనూ కనిపిస్తున్నాయి. వాటిని చేసేవారికి మూడు సూచనలు మనవి చేస్తున్నాము.

మొదటిది, ఒక నోటు పుస్తకం. వస్తువు పేరు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, వాడిన దారం, పట్టిన గంటలు అందులో రాయండి. నమూనా కోసం చూసిన పువ్వును పక్కనే నాలుగు గీతలలో గీసుకోండి. బొమ్మ బాగా రానక్కరలేదు. రేకులెన్నో, వంపు ఎటో తెలిస్తే చాలు. మీ పని మీదేనని రేపు సాక్ష్యం చెప్పేది ఆ పుస్తకమే.

రెండవది, లెక్క. ఉదాహరణకు ఒక జత జూకాలకు నలభై రూపాయల సామగ్రి, నాలుగు గంటల సమయం పట్టిందనుకుందాం. నూరు రూపాయలకు అమ్మితే, అరవై రూపాయల లాభం వచ్చిందని సంతోషిస్తాము. నిజానికి గంటకు పదిహేను రూపాయలు మాత్రమే గిట్టింది. మన సంస్థలో ఏ పనికి అంచనా వేసినా సామగ్రితో పాటు శ్రమను విడిగా లెక్కిస్తారు. ఇంటిలోని శ్రమకు ఆ వరుసే లేకుండా చేయడం న్యాయం కాదు. స్నేహితురాలికి ఊరికే ఇవ్వదలిస్తే నిరభ్యంతరంగా ఇవ్వండి. అయితే ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

మూడవది, గుర్తు. గలీబు లోపలి అంచున, సంచి అస్తరు మీద, జూకాలు పెట్టే అట్ట వెనుక మీ పేరులోని మొదటి అక్షరాలు, సంవత్సరం చేర్చండి. నాలుగు కుట్ల పని. అహంకారమని ఎవరైనా అనుకుంటారేమోనన్న బిడియం వద్దు. తప్పు జరిగితే నాది అని ఒప్పుకునేవారే పేరు పెట్టగలరు. సంతకమంటే గొప్ప చెప్పుకోవడం కాదు, పూచీ పడడం.

ఉద్యోగులైన సోదరులకు కూడా ఒక మాట. మీ ఇంటికి వచ్చిన అతిథి గోడ మీది అల్లికను మెచ్చుకున్నప్పుడు, "మా ఇంట్లో చేశారు" అని ఊరుకోకండి. ఇల్లు ఏమీ అల్లదు. అల్లిన మనిషికి పేరుంది. అది చెప్పండి.

ఈ శీర్షికకు చేతిపనుల ఛాయాచిత్రాలు పంపే పాఠకులకు మా విన్నపం కూడా అదే. చిత్రం వెనుక ఉద్యోగి పేరు, సిబ్బంది సంఖ్య, విభాగం తప్పక ఉంటున్నాయి. ఆ వస్తువును చేసినవారు మాత్రం "సతీమణి" గానో "కుమార్తె" గానో మిగిలిపోతున్నారు. ఇకమీదట ముందుగా ఆమె పేరు, ఆ తరువాతనే మిగిలిన వివరాలు రాయవలసిందిగా కోరుతున్నాము. ఆ వరుసలోనే మేమూ ప్రచురిస్తాము.